హిచ్ వేరుగా ఉందట

జూన్ నెలాఖరు శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా హార్లన్ ఎంగెబ్రెట్‌సన్ పనంతా ముగించి, చేతులు దులుపుకుని, తన ఎస్‌యూవీ వెనక తగిలించిన చక్రాల ఇల్లులాంటి క్యాంపర్‌ను చూసుకుని మురిసిపోతూ నిలబడ్డాడు. ఆ రోజు కార్యక్రమం చాలా సులువైనది. తొమ్మిదికి బయలుదేరడం, తొంభై మైళ్ళు నింపాదిగా నడపడం, పదకొండుకల్లా లిటిల్ హెరాన్ సరస్సు ఒడ్డున ఏడో నంబరు చోటులో క్యాంపర్ నిలపడం, ఆ తర్వాత మావిస్ పెట్టిన కాఫీ తాగడం. ఇందులో తప్పు దొర్లడానికి సందెక్కడుందో ఎంత వెతికినా అతనికి కనిపించలేదు.

మావిస్ అతని భార్య. పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి వేసవీ ఆమె అదే సరస్సు దగ్గర, గుడారంలో, నేల మీద పడుకుంటోంది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, నడుం పట్టేసింది, పక్క కింద రాళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. హైస్కూల్లో బ్యాండు మాస్టారుగా హార్లన్ రిటైరైన మర్నాడు ఆమె నోరు తెరిచి ఒకటి అడిగింది. "మంచం మీంచి లేవకుండా కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కాఫీ తాగాలనుంది హార్లన్. ఒక్క వారం. ఇంకేం వద్దు." అంత సూటిగా ఆమె ఏదీ ఎన్నడూ అడిగి ఎరగదు. హార్లన్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు, పొద్దున్నే లేచి క్యాంపర్ల వేటలో పడ్డాడు.

కిటికీలోంచి నీళ్ళు కనబడాలంటే ఆ క్యాంపు మైదానం మొత్తానికీ ఏడో నంబరు ఒక్కటే గతి. మిగతా చోట్ల నుంచి కనిపించేవి చెట్లూ, పక్కవాళ్ళ బట్టలూ, స్నానాల గదులూ. ఏడో నంబరును వీళ్ళ పేరున మధ్యాహ్నం రెండింటి దాకా అట్టే పెడతారు. రెండు దాటిందా, జాబితాలో తర్వాత పేరున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ పేరు మావిస్ అన్న డ్వేన్‌ది. "మీ మంచి కోసమే రాయించాను చెల్లాయ్, ఎవడో బయటివాడు తన్నుకుపోకుండా" అని అతను ఫోన్లో చెప్పినప్పుడు మావిస్ చాలాసేపు థాంక్స్ చెప్పి, ఫోన్ పెట్టేశాక బంగాళాదుంపల చెక్కు కసిగా గీకింది.

కాబట్టి హార్లన్ దేన్నీ అదృష్టానికి వదల్లేదు. మూడు నెలల పాటు, బండినీ క్యాంపర్‌నూ ముడివేసే ఇనప హిచ్‌ల గురించి చదివాడు, కొలిచాడు, కలవరించాడు. పక్క ఊళ్ళో హిచ్‌లు బిగించే దుకాణంలో మేస్త్రీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "ఎస్‌యూవీ అంటే లారీ కాదు మాస్టారూ. ఉత్త ఇనప గుండు బాల్ మీద ఇంత బరువు మోపితే వెనక కూలబడుతుంది, ముందు లేస్తుంది. స్టీరింగ్ మీ చేతిలోనే ఉంటుంది గానీ చక్రాలు మీ మాట వినవు." అందుకని బరువు పంచే హిచ్ తీసుకున్నాడు. దానికి రెండు వైపులా ఉక్కు కడ్డీలుంటాయి, వెనక పడే బరువులో కొంత ముందు చక్రాల మీదికి నెడతాయి, క్యాంపర్ తోక ఊపకుండా బిగించి పట్టుకుంటాయి. ఈ రోజు దాన్ని ఒకటికి మూడుసార్లు సరిచూసి బిగించాడు. బండీ, క్యాంపరూ గీత గీసినట్టు సమంగా నిలబడ్డాయి.

సరిగ్గా అప్పుడు ఎదురింటి ఆర్విల్ కాఫీ కప్పుతో రోడ్డు దాటి వచ్చాడు. ముప్పై ఏళ్ళు పాల ట్యాంకర్ నడిపిన మనిషి. వచ్చి హిచ్ ముందు నిలబడ్డాడు. వంగాడు, లేచాడు, తలెత్తి చూశాడు, ఒక గుక్క తాగాడు.

"ఊఁ" అన్నాడు. "వేరుగా ఉందే."

అని, వాన వచ్చేలా లేదని కూడా చెప్పి, తిరిగి వెళ్ళిపోయాడు.

మా మిన్నెసోటాలో మాటలకు ధరలు వేరు. 'ఫర్లేదు' అంటే అద్భుతమని. 'కాస్త ఇబ్బందే' అంటే ఇల్లు కూలిందని. 'వేరుగా ఉందే' అన్నది ఎదుటివాడి వస్తువు గురించి అనగలిగినవాటిలో ఆఖరి మాట. అంతకంటే ఒక్క మెట్టు ఎక్కితే ఆ తర్వాత ఇద్దరూ ఒకే చర్చికి వెళ్ళలేరు. హార్లన్ లోపలికి పరిగెత్తాడు.

"ఆర్విల్ వచ్చాడు."

"ఏమంటాడు?" మావిస్ ఫ్లాస్కులో కాఫీ పోస్తోంది.

"వేరుగా ఉందన్నాడు."

కాఫీ ధార ఆగిపోయింది. "ఏది?"

"ఏదేమిటి? హిచ్చే! దాని ముందు నిలబడే అన్నాడు."

"ఏం తేడాగా ఉందో అడగకపోయావా?"

"అడగడమా!" హార్లన్ అదిరిపడ్డాడు. "పాపం, మనిషి అంత దూరం వచ్చి, అంత తెగించి ఆ ఒక్క మాట అన్నాడు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టమంటావా?"

పెట్టకూడదని మావిస్ కూడా ఒప్పుకుంది. ఆమెది కూడా అదే రాష్ట్రం.

హార్లన్ వెళ్ళి బండి కింద దూరాడు. నట్లన్నీ చూశాడు, కడ్డీలు చూశాడు, పుస్తకం తీసి బొమ్మలతో పోల్చి చూశాడు. అంతా సరిగ్గా ఉంది. అంతా సరిగ్గా ఉండడం అతన్ని మరీ భయపెట్టింది, ఎందుకంటే తప్పు కనబడకపోతే అది తనకు తెలియనంత పెద్దదన్నమాట. బండి కింద నుంచి రెండు కాళ్ళే బయటికి కనబడుతుంటే పక్కింటి వివియన్ గారు చూసి, బతికే ఉన్నాడో లేదోనని కంగారుగా వచ్చారు. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. భర్త క్లారెన్స్ పోయి రెండేళ్ళయింది.

"ఏం లేదండీ" అన్నాడు హార్లన్ లేచి కూర్చుంటూ. "ఆర్విల్ వేరుగా ఉందన్నాడు."

"ఎవరూ, ఆర్విలే?" వివియన్ గారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "మా గరాజు అంటుకున్న రోజు వచ్చి తలుపు కొట్టి, 'మీ వైపు కాస్త వెచ్చగా ఉన్నట్టుందండీ' అన్నాడయ్యా ఆ మనిషి! అలాంటివాడు నోరు విడిచి వేరుగా ఉందన్నాడా? అయ్యో అయ్యో. ఉండు, మా క్లారెన్స్ హిచ్ ఉంది. ముప్పై ఏళ్ళు పడవ లాగారు దాంతో. పట్టుకెళ్ళు."

"అబ్బే, వద్దండీ."

"పట్టుకెళ్ళవయ్యా."

"ఎందుకండీ మీకు శ్రమ."

"ఊరికే తుప్పు పడుతోంది. పట్టుకెళ్ళూ."

"మీరు అంతగా అంటుంటే..."

అయిపోయింది. ఎవరేది ఇస్తామన్నా రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకోవడం మా మర్యాద. నిజంగానే వద్దనుకున్నవాడు ఆ మూడోసారి ఏమనాలో మాత్రం మావాళ్ళు ఇంతవరకు కనిపెట్టలేదు. హార్లన్ నిజంగానే వద్దనుకున్నాడు. పది నిమిషాల తర్వాత, క్లారెన్స్ తుప్పు హిచ్ చేతిలో పట్టుకుని, తన బంగారం లాంటి కొత్త హిచ్‌ను ఊడదీస్తున్నాడు. మానేద్దామంటే వివియన్ గారు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ఆయన చూస్తే ఎంత సంతోషించేవారో" అని కళ్ళు తుడుచుకున్నారు.

కళ్ళు తుడుచుకునే మనిషి ముందు హిచ్ తిరిగి ఇచ్చేసే ధైర్యం ఎవరికుంటుంది? తగిలించాడు. బాల్ సైజు మాత్రం అదృష్టవశాత్తూ సరిపోయింది. అయితే అది చిన్న పడవ కోసం చేసినది, నాలుగంగుళాలు కిందికి ఉంటుంది, కడ్డీలూ గట్రా ఏమీ లేవు. క్యాంపర్ బరువు దించగానే ఎస్‌యూవీ వెనక చతికిలబడింది, క్యాంపర్ ముక్కు నేలకు వంగింది, బండి హెడ్‌లైట్లు ఆకాశంలో పిట్టల్ని వెతకసాగాయి.

"ఫర్లేదు" అన్నారు వివియన్ గారు.

ఆ పదానికున్న అసలు అర్థంలో ఆవిడ అన్నారా, మామూలు అర్థంలో అన్నారా అని హార్లన్ ఆలోచిస్తుండగా మూల ఇంటి లోవెల్ వచ్చాడు. లోవెల్ నలభై ఏళ్ళు ధాన్యం గోదాము దగ్గర లారీల కాటా చూసిన మనిషి. ఏ వస్తువు కనబడినా దాని బరువు చెప్పకుండా ఉండలేడు.

"ఆర్విల్ ఏదో అన్నాడట కదా?" అన్నాడు. అప్పటికే ఆ మాట వీధి చుట్టి వచ్చేసింది. "నాలుక తూచావా?"

క్యాంపర్ ముందుకు పొడుచుకొచ్చి బండికి తగులుకునే ఇనప ముక్కను అందరూ నాలుక అనే అంటారు. దాని మీద ఎంత బరువు పడుతుందన్నదే హిచ్ ఎంపికలో ప్రాణం. హార్లన్ దాన్ని దుకాణంలోనే తూపించాడు, అయిదు వందల యాభై పౌండ్లు అని కాగితం మీద రాయించుకున్నాడు కూడా. కానీ లోవెల్ కళ్ళు అప్పటికే మెరుస్తున్నాయి.

"కాగితాలదేముంది? నా కళ్ళ ముందు తూగాలి. మీ ఇంట్లో కాటా ఉందా?"

"స్నానాల గదిలో మావిస్‌ది ఉంది గానీ, అది మనుషులది..."

"కాటా కాటాయే!"

కాటా వచ్చింది. గులాబి రంగుది, మధ్యలో పువ్వు. దాని మీదికి క్యాంపర్ నాలుకను నెమ్మదిగా దించసాగారు. సరిగ్గా అప్పుడే వంటింట్లో ఫోన్ మోగింది.

"ఏం చెల్లాయ్, ఎక్కడిదాకా వచ్చారు?" అన్నాడు డ్వేన్.

"బయలుదేరలేదన్నయ్యా. నాలుక తూస్తున్నారు."

"ఎవరిది?"

"క్యాంపర్‌ది! హార్లన్‌ది ఎందుకు తూస్తారు? ఒక్క మాట అడగడానికి లేవని నాలుక, దానికి బరువెక్కడిది?"

"అయ్యో పాపం. సరే, తొందరేం లేదు, నిదానంగా రండి. నేను ఏడో నంబరు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఎంత బాగుందనుకున్నావ్! నీళ్ళైతే అద్దంలా ఉన్నాయి. రెండు దాటినా మీరేం దిగులు పెట్టుకోకండి, నేనున్నాగా."

బయట 'ఠప్' మని చప్పుడైంది. గులాబి కాటా ముల్లు ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు మొదలుపెట్టి, ఇక నా వల్ల కాదని ఊడి పచ్చిక మీద పడింది. మావిస్ ఫోన్ పెట్టేసి వచ్చి చూసింది. క్యాంపర్‌లోకి ఎక్కి, మంచం మీద కూర్చుని, తాను కుట్టుకున్న కర్టెన్ తీసి కిటికీలోంచి చూసింది. సరస్సు కనబడాల్సిన చోట వంగి కాటా ముక్కలు ఏరుకుంటున్న లోవెల్ వెనక భాగం కనబడింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే బయట ముగ్గురూ ఇబ్బంది పడతారని మింగేసింది.

"ముందు బరువెక్కువైంది" అని తేల్చాడు లోవెల్. "సామాను వెనక్కి సర్దాలి."

"దుకాణంలో అలా చెయ్యొద్దన్నారే, వెనక బరువైతే తోక ఊపుతుందనీ" అని హార్లన్ గొణిగాడు. గొణిగితే మా వైపు ఒప్పుకున్నట్టే లెక్క. లోవెల్, వివియన్ గారు, హార్లన్ ముగ్గురూ కలిసి ముందున్న సామానంతా వెనక్కి చేరవేశారు. నీళ్ళ డబ్బాలు, ఇనప పెనం, పచ్చళ్ళ సీసాలు, వారానికి సరిపడా వండిన హాట్‌డిష్ గిన్నెలు, మావిస్ చదువుదామని దాచుకున్న పదకొండు లావుపాటి నవలలు. లోవెల్ ఒక్కోదాన్నీ చేత్తో ఎగరేసి "నాలుగు పౌండ్లు, ఏడు పౌండ్లు" అని ప్రకటిస్తూ ఇచ్చాడు. పని అయ్యేసరికి పదకొండున్నర. ఇప్పుడు నాలుక దూదిలా తేలిపోతోంది. ఎస్‌యూవీ వెనక కూడా కాస్త లేచింది.

"ఒక్కసారి అలా తిప్పుకొస్తాను" అన్నాడు హార్లన్.

ఊరి చివర గోదాము రోడ్డు దాకా బాగానే వెళ్ళాడు. నలభై మైళ్ళ వేగం అందుకోగానే వెనక నుంచి ఎవరో పిలిచినట్టనిపించి అద్దంలో చూశాడు. క్యాంపర్ కుడి వైపు నుంచి పలకరించింది. మరుక్షణం ఎడమ వైపు నుంచి పలకరించింది. యజమాని ఇంటికొస్తే కుక్క తోకాడించినట్టు క్యాంపర్ మొత్తం ఆడుతోంది, దానితో పాటు బండి వెనక, బండితో పాటు హార్లన్. "ప్రభువా, ప్రభువా" అంటూ యాక్సిలరేటర్ వదిలేసి, కాలు బ్రేకు మీద పెట్టీపెట్టకుండా, ఎలాగో వేగం తగ్గించుకున్నాడు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తిరిగి అయిదు మైళ్ళ వేగంతో, లైట్లన్నీ టిక్కు టిక్కుమనిపిస్తూ, శవయాత్రలా వీధిలోకి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే ఇంట్లోకి తిప్పబోయి వివియన్ గారి పోస్టు డబ్బాను స్తంభంతో సహా పడగొట్టాడు.

"అయ్యయ్యో! ఎంత పని చేశాను!"

"ఏం లేదులేవయ్యా" అన్నారు వివియన్ గారు, పడిన డబ్బాను చూస్తూ. "ఎలాగూ మార్పిద్దామనే అనుకుంటున్నా." నిన్ననే రంగు వేయించారు.

"కొత్తది నేను పెట్టిస్తాను."

"వద్దయ్యా."

"పెట్టిస్తానండీ."

"ఎందుకయ్యా నీకు శ్రమ."

మూడో మాట కోసం హార్లన్ నోరు తెరిచాడు. అంతలో క్యాంపర్ మెట్ల మీద మావిస్ నిలబడి ఉండడం చూసి నోరు మూసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మొహం అలా ఉండగా అతను చూడలేదు.

మావిస్ మెట్లు దిగింది. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా రోడ్డు దాటింది. ఆర్విల్ తన పచ్చికకు నీళ్ళు పెడుతున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. వాన గురించి ఏమీ అనలేదు. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడగలేదు. తిన్నగా అడిగేసింది.

"ఆర్విల్, పొద్దున్న వేరుగా ఉందన్నావు. ఏది వేరుగా ఉంది?"

వివియన్ గారు లోవెల్ మోచెయ్యి పట్టుకున్నారు. ఆర్విల్ చేతిలో గొట్టం తన బూట్లలోకే నీళ్ళు పోస్తోంది, అతనికి తెలియడం లేదు.

"అబ్బే... ఏం లేదు మావిస్... ఫర్లేదు..."

"ఫర్లేదు కాదు. ఏది?"

"వద్దులే..."

"ఏదీ!"

మూడోసారి అడిగింది కాబట్టి ఆర్విల్‌కు వేరే దారి లేకపోయింది. చెవులు బీట్‌రూట్ ముక్కల్లా ఎర్రబడ్డాయి.

"కర్టెన్లు" అన్నాడు.

"ఏమిటీ?"

"కర్టెన్లు మావిస్. ఆ నారింజ రంగు ఉడతలు."

ఆ కర్టెన్లు మావిస్ ఆరు వారాలు కూర్చుని కుట్టింది. ఒక్కో ఉడత తోకకి ఒక్కో సాయంకాలం పట్టింది.

"మరి హిచ్?" అంది.

"హిచ్చా? బ్రహ్మాండంగా కట్టాడు! ట్యాంకర్ నడిపిన అన్నేళ్ళలో అంత సమంగా కట్టిన హిచ్ నేను చూడలేదు. ఆ మాట చెబ్దామనే వచ్చాను. కానీ మరీ మొహం మీదే పొగిడితే బాగోదు కదా. ఏమనాలా అని తలెత్తేసరికి ఉడతలు కనబడ్డాయి." ఆర్విల్ ఎస్‌యూవీ వైపు చూశాడు. "ఇప్పుడు తగిలించినది మాత్రం... అది కూడా వేరుగానే ఉంది మావిస్."

ఈసారి దేని గురించో అందరికీ తెలుసు.

పన్నెండూ ఇరవై అయింది. మావిస్ వెనక్కి తిరిగి రోడ్డు మధ్యలో నిలబడింది. "ఉడతల గురించి నేను తర్వాత ఏడుస్తాను. హార్లన్, పొద్దున్న పెట్టిన హిచ్ మళ్ళీ పెట్టు. లోవెల్, తీసిన సామాను తీసిన చోట పెట్టు, బరువులు చెప్పకుండా. ఆర్విల్, నువ్వొచ్చి సాయం పట్టు." ముగ్గురు మగాళ్ళూ నోరెత్తకుండా కదిలారు.

మిగిలింది వివియన్ గారు. క్లారెన్స్ హిచ్ ఊడుతుంటే ఆవిడ పెదవి వణకడం మొదలైంది. మావిస్ గబగబా వెళ్ళి చేతులు పట్టుకుంది.

"ఇది మరీ మంచి హిచ్ వివియన్ గారూ. రోడ్డు దుమ్ములో పాడు చెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు. లోపల పడుకోబెట్టి తీసుకెళ్తాం."

అలా క్లారెన్స్ హిచ్‌ను తువ్వాల్లో చుట్టి మంచం మీద, తలగడ పక్కన పడుకోబెట్టారు. వివియన్ గారు దుప్పటి కూడా కప్పారు.

ఒంటిగంటకు అంతా సిద్ధం. క్యాంపర్ మళ్ళీ గీత గీసినట్టు నిలబడింది. అప్పుడే బయలుదేరి ఉంటే ఎంత బాగుండేది! కానీ మా వైపు 'వస్తాం' అన్నవాడు వెంటనే వెళ్ళిపోతే కోపమొచ్చి వెళ్ళాడనుకుంటారు. బండి తలుపు దగ్గర ఒకసారి, తలుపు వేశాక అద్దం దించి ఒకసారి, నాలుగడుగులు కదిలాక మళ్ళీ ఆగి ఒకసారి సెలవు పుచ్చుకోవాలి. వివియన్ గారు పరిగెత్తుకెళ్ళి పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి బార్లు తెచ్చారు, వాటిని రెండుసార్లు వద్దనాల్సి వచ్చింది. లోవెల్ రెండు దారుల్లో ఏది మంచిదో వివరించాడు. ఆర్విల్ టైర్లను తట్టి చూశాడు. బండి వీధి మలుపు తిరిగేసరికి ఒంటిగంటా ఇరవై అయిదు. దారి గంటన్నర పైనే.

క్యాంపర్ మాత్రం ఎంత బుద్ధిగా వచ్చిందో! గాలి కొట్టినా, పెద్ద లారీలు పక్క నుంచి రయ్యిమని దూసుకెళ్ళినా అణువంత ఊగలేదు. రెండైంది. గడియారం వైపు ఇద్దరూ చూశారు, చూడనట్టు నటించారు. చివరికి హార్లనే నోరు విప్పాడు.

"క్షమించు మావిస్. ముప్పై ఒక్క ఏళ్ళలో నువ్వడిగింది ఒక్కటి. ఎదురింటివాణ్ణి ఒక్క మాట అడగడానికి మొహమాటపడి దాన్ని పోగొట్టాను."

పొలాలు పోయి పైన్ చెట్లు వచ్చాయి.

"హిచ్ బాగా కట్టావు హార్లన్" అంది మావిస్. "చాలా బాగా కట్టావు."

ఇలా మొహం మీద పొగిడించుకోవడం హార్లన్‌కు జన్మలో మొదటిసారి. ఏం జవాబు చెప్పాలో తెలియక వైపర్లు వేశాడు. వాన లేదు.

క్యాంపు ఆఫీసు కిటికీ ముందు ఆగేసరికి మూడూ అయిదు. లోపల ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది. పేరు రమోనా అని చొక్కా మీద రాసి ఉంది. ఆరిజోనా నుంచి ఈ వేసవికే వచ్చిందట, జూన్‌లో కూడా మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుంది.

"ఎంగెబ్రెట్‌సనా? ఏడో నంబరు. వెళ్ళండి, ఖాళీగానే ఉంది."

తమ వెనక ఇంకో ఎంగెబ్రెట్‌సన్ ఎవరైనా ఉన్నారేమోనని ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు.

"రెండు దాటిపోయింది కదండీ" అంది మావిస్. "జాబితాలో ఒకాయన ఉండాలి..."

"ఉన్నాడుగా! రెండు కొట్టగానే అడిగాను, ఏడో నంబరు కావాలా అని. 'అబ్బే, వద్దులెండి, పాపం వాళ్ళు వస్తారేమో' అన్నాడు. సరేనని పేరు కొట్టేశాను. ఆయన తర్వాత జాబితాలో ఇంకెవరూ లేరు. ఎంత మంచి మనిషండీ! ఎవరైనా అలా వదులుకుంటారా?"

"ఆ తర్వాత వెళ్ళిపోయాడా?"

"ఎక్కడ! ఇరవై నిమిషాలు ఈ కిటికీ దగ్గరే నిలబడి ఎండ గురించి, దోమల గురించి చెప్పాడు. ఇంకేమైనా కావాలా అంటే ఏం వద్దన్నాడు."

"ఏడో నంబరు మాట ఎన్నిసార్లు అడిగారు?" అని హార్లన్ చిన్న గొంతుతో అడిగాడు.

"ఒకసారే. ఎన్నిసార్లు అడుగుతారేమిటి?"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ ప్రాంతంలో ఎలా అడగాలో పాపం ఆవిడకి ఎవరో ఒకరు నేర్పాలి. వాళ్ళిద్దరూ మాత్రం ఆవిడకి థాంక్స్ చెప్పి, ఏడో నంబరు చీటీ పుచ్చుకుని, చప్పుడు చెయ్యకుండా బండి ఎక్కేశారు.

సాయంత్రం అయిదు గంటలకు మావిస్ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఉడతల్ని పక్కకి జరిపేసరికి కిటికీ నిండా నీళ్ళు. ఎండ పడి అలలు తళుక్కుమంటున్నాయి, దూరంగా ఒక లూన్ పిట్ట మునిగి తేలుతోంది. చేతిలో వేడి కాఫీ. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇబ్బంది పడేవాళ్ళెవరూ పక్కన లేరు, హార్లన్ తప్ప, అతను కూడా అదే పనిలో ఉన్నాడు. మావిస్ హాయిగా ఏడ్చేసింది.

అంతలో తలుపు చప్పుడైంది. తీస్తే డ్వేన్. స్నానాల గదుల పక్కన ఇరవై మూడో నంబరులో దిగాడు. ఒక కన్ను ఆమె మీద, ఇంకో కన్ను కిటికీ మీద పెట్టి నిలబడ్డాడు.

"బాగా కుదిరిందే చెల్లాయ్ మీకు. నేనేదో ఊరికే అలా వెళ్తూ వెళ్తూ..."

"కాఫీ తాగుతావా అన్నయ్యా?"

"అబ్బే, వద్దులే. ఎందుకు నీకు శ్రమ."

"సరే" అని మావిస్ తలుపు వేసేసింది.

డ్వేన్ మెట్టు మీదే ఆగి, రేపు కూడా ఎండ బాగానే కాసేలా ఉందని ఇంకో పావుగంట పాటు ఆ తలుపుకి చెప్పాడు.